గాజుపనివాఁడు ఫ్రౌన్‌హోఫర్

జోసెఫ్ ఫ్రౌన్‌హోఫర్ 1787లో బవేరియాయందలి స్ట్రౌబింగు పట్టణమున జన్మించెను. 11వ యేఁటనే తల్లిదండ్రులు గతింపఁగా, మ్యూనికులో నొక అద్దములపనివానియొద్ద శిష్యుఁడాయెను. యజమానుఁడు చదువుకొననీయలేదు. 1801లో ఆ యిల్లు కూలి బాలుఁడు శిథిలములక్రిందఁ జిక్కెను. ప్రాణములతో వెలికివచ్చిన యాతనిఁ జూచి దేశాధిపతి మాక్సిమిలియను కనికరించి ధనమొసఁగెను. దానితో నాతఁడు గాజు సానపట్టు యంత్రమును గొనెను.

పిదప బెనెడిక్ట్‌బాయర్న్ కొలిమిలో దూరదర్శినులకు వలయు గాజును చేయఁబూనెను. బుడ్డిగాజులోఁ జారలున్నను మనకు నష్టములేదు. కటకమున నున్నచో నక్షత్రమే చెదరి కనఁబడును. కరఁగిన గాజును గలియఁబెట్టి చారలను బాపు విద్యను స్విట్జర్లాండువాఁడగు గినాండువలన నేర్చి, సీసముగల ఫ్లింటుగాజును, సీసములేని క్రౌనుగాజును బాగుపఱచెను. గాజు కాంతి నెంత వంచునో కొలుచుచు, 1814లో సూర్యవర్ణములనడుమ నల్లని గీఁతలను గని, 500కు పైగా లెక్కించెను. మాకు వింతయగునదేమన, అతఁడు వెదకినవి గీఁతలు కావు, మంచి గాజు! 1826లో క్షయవ్యాధిచే 39 యేండ్లకే మరణించెను.