ప్రమోషన్ దక్కని మాస్టారు పెట్టిన ఫ్యాక్టరీ

బావి మోటారుతో పొలానికి నీళ్లు పెట్టిన పాత తరం తెలుగు రైతులకు కిర్లోస్కర్ అంటే మోటారు, ఆయిల్ ఇంజన్. అది ఒక మనిషి ఇంటిపేరని, ఆయన ఒకప్పుడు సాంకేతిక విద్యాసంస్థలో పాఠాలు చెప్పుకున్న మాస్టారని తెలిసినవారు తక్కువ. సొంతంగా ఏదైనా పెట్టాలని ఉన్నా ధైర్యం చాలక ఆగిపోయే ఇంజనీరింగ్ విద్యార్థులు ఆయన కథ తెలుసుకోవాలి.

లక్ష్మణరావు కిర్లోస్కర్ 1869లో బెళగావి ప్రాంతంలోని గుర్లహొసూరులో పుట్టారు. చిత్రకారుడు కావాలని ముంబయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. కానీ రంగుల మధ్య తేడా పోల్చుకోలేని లోపం కంటిలో ఉందని తేలింది. అక్కడితో రంగులు వదిలేసి, వాటితో పనిలేని మెకానికల్ డ్రాయింగ్ పట్టుకున్నారు. అది నేర్చుకుని, విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో అదే పాఠం చెప్పే ఉద్యోగం సంపాదించారు. ఖాళీ దొరికితే వర్క్‌షాపులోనే. యంత్రాలు విప్పడం, బిగించడం అక్కడే చేతికొచ్చింది. ఆయన ధైర్యానికి మూలం ఆ చేతిపనేనని నాకనిపిస్తుంది.

రావాల్సిన ప్రమోషన్ ఒక ఆంగ్లో ఇండియన్‌కు వెళ్లింది. లక్ష్మణరావు ఉద్యోగానికి స్వస్తి చెప్పి బెళగావి చేరారు. సోదరుడు రామచంద్రరావుతో కలిసి సైకిళ్లు అమ్మారు, బాగుచేశారు, తొక్కడం నేర్పారు. ఆ తర్వాత పశువుల మేత నరికే యంత్రం, దాని వెనుక ఇనుప నాగలి.

అసలు పరీక్ష నాగలితోనే వచ్చింది. ఇనుము తగిలితే భూమి విషమైపోతుందని రైతుల భయం. తరతరాలుగా కొయ్య నాగలితో దున్నినవారు ఒక డ్రాయింగ్ మాస్టారి మాట మీద ఎందుకు మారతారు? మొదటి నాగలి అమ్ముడుపోవడానికి రెండేళ్లు పట్టింది. సరుకు పేరుకుపోయి, కొనేవాడు కనిపించని రెండేళ్లు. ఇప్పటి పోటీల్లో వేదికెక్కి పది నిమిషాలు తడబడకుండా మాట్లాడితే ఆత్మవిశ్వాసం అంటున్నాం. అది కూడా కావలసిందే, కాదనను. కానీ ఆ రెండేళ్లకు సరిపడే సరుకు వేరు.

నాగళ్లు కాస్త నిలదొక్కుకునేసరికి మరో దెబ్బ. ఊరి విస్తరణకు స్థలం కావాలని, ఖాళీ చేయమని 1910లో బెళగావి మున్సిపాలిటీ చెప్పింది. చేతిలో యంత్రాలున్నాయి, పెట్టుకోవడానికి చోటు లేదు. అప్పుడు ఔంధ్ సంస్థానాధీశుడు, స్వయంగా చిత్రకారుడైన బాలాసాహెబ్ పంత్ ప్రతినిధి ఆదుకున్నారు. కుండల్ రోడ్ రైల్వే స్టేషన్ దగ్గర 32 ఎకరాల బీడు, వడ్డీ లేకుండా 10,000 రూపాయల అప్పు ఇచ్చారు. నాగజెముడు పొదలు, పాములు తప్ప ఏమీ లేని నేల అది. దాన్ని చదును చేసి ఫ్యాక్టరీతో పాటు ఒక ఊరే కట్టారు. అదే కిర్లోస్కర్‌వాడి. ఆ ఊళ్లో అంటరానితనాన్ని సాగనివ్వలేదు. జైలుకెళ్లొచ్చిన వారికీ పనిచ్చారు, కాపలా బాధ్యతతో సహా. ఒక మనిషి తన మీద పెట్టుకున్న నమ్మకం కన్నా ఇది పెద్ద నమ్మకం.

కొడుకు శంతనురావును ఇంజనీరింగ్ చదవడానికి అమెరికాలోని ఎంఐటీకి పంపారు. ఆయన 1926లో పట్టా పుచ్చుకుని, నేరుగా తండ్రి ఫ్యాక్టరీకే తిరిగొచ్చారు. 1946లో పుణేలో ఆయిల్ ఇంజన్ల కంపెనీ, బెంగళూరులో మోటార్ల కంపెనీ మొదలయ్యాయి. మన బావుల దాకా వచ్చిన పేరు వాటిదే. ఆ రెండూ నిలదొక్కుకోవడం చూశాక 1956లో లక్ష్మణరావు కన్నుమూశారు.