గెర్ట్రూడ్ జీకిల్

గెర్ట్రూడ్ జీకిల్ (నవంబర్ 29, 1843 - డిసెంబర్ 8, 1932) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ ఉద్యాన రూపశిల్పి, రచయిత్రి. ఇంటిని, దాని చుట్టూ ఉన్న తోటను కలిపి ఒకే రచనగా తీర్చిదిద్దే పద్ధతికి ఈమె పేరుపొందింది. బ్రిటన్, ఐరోపా, అమెరికాలలో 400కు పైగా తోటలకు రూపకల్పన చేసింది.

బాల్యము, విద్య

జీకిల్ లండన్ నగరంలో జన్మించింది. 1848లో ఈమె కుటుంబం సర్రే ప్రాంతంలోని బ్రామ్లీకి తరలివెళ్ళింది. 1861లో దక్షిణ కెన్సింగ్టన్ కళాపాఠశాలలో చేరి చిత్రలేఖనము, వర్ణశాస్త్రము అభ్యసించింది. ఎంబ్రాయిడరీలోనూ, వెండి పనిలోనూ నైపుణ్యం సంపాదించింది. ఈమె తమ్ముడు వాల్టర్‌కు రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ మిత్రుడు. స్టీవెన్సన్ ప్రసిద్ధ నవలలోని డాక్టరు పేరు ఈ కుటుంబం నుండి వచ్చినదే.

అయితే జీకిల్‌కు తీవ్రమైన హ్రస్వదృష్టి ఉండేది. 1891లో జర్మనీలోని వైస్‌బాడెన్‌లో ఒక నేత్రవైద్యుడు చిత్రలేఖనం, కుట్టుపని వంటి సూక్ష్మమైన పనులు మానుకోవాలని సలహా ఇచ్చాడు. అప్పటికి ఈమె వయస్సు 47 సంవత్సరాలు. అంతకు ముందే మొదలుపెట్టిన తోటపని అప్పటి నుండి ఈమె ప్రధాన వ్యాసంగమైంది. పూలను విడివిడిగా కాక రంగుల రాశులుగా అమర్చడంలో చిత్రకళాభ్యాసపు ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

మన్‌స్టెడ్ వుడ్

1883లో తల్లి ఇంటికి ఎదురుగా సుమారు 15 ఎకరాల స్థలం కొన్నది. సాధారణంగా ఇల్లు కట్టిన తరువాత మొక్కలు నాటుతారు. ఇక్కడ ముందు తోట పెరిగింది, 1896-97లో దాని మధ్య ఇల్లు వెలసింది. ఆ ఇంటి వాస్తుశిల్పి ఎడ్విన్ లుట్యెన్స్. 1889లో వీరు మొదటిసారి కలిసినపుడు అతడు 20 ఏళ్ళ యువకుడు. లుట్యెన్స్ కట్టడాలు, మెట్లు, గోడలు రూపొందించగా వాటి కరకుదనాన్ని జీకిల్ మొక్కలతో మెత్తబరిచేది. సోమర్సెట్ లోని హెస్టర్‌కూంబ్ వీరి ఉమ్మడి కృషికి ఉత్తమ ఉదాహరణ. తరువాతి కాలంలో ఢిల్లీ రాష్ట్రపతి భవన్‌ను, అక్కడి మొఘల్ గార్డెన్స్‌ను (2023 నుండి అమృత్ ఉద్యాన్) రూపొందించినది ఈ లుట్యెన్సే. వాటిలో జీకిల్ పాత్ర లేదు.

మన్‌స్టెడ్ వుడ్‌లోని ప్రధాన పూలవరుస 200 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉండేది. రెండు చివరల నీలం, బూడిదరంగు ఆకులు, ఆపైన లేత పసుపు, నారింజ, నడుమ ఎరుపు వచ్చేవి. ఒక మొక్క పూత ముగియగానే పక్కది ఆ ఖాళీని కప్పాలి. గసగసాల జాతి మొక్కలు ఎండిపోయే వేళకు వెనుకనున్న జిప్సోఫిలా విస్తరించేది, దానిపైకి నాస్టర్షియం తీగ పాకేది. అప్పటికీ ఖాళీ మిగిలితే కుండీలను తెచ్చి దించేవారు. చూడడానికి సహజంగా తోచే ఈ అందం వెనుక ఎడతెగని శ్రమ ఉంది.

వృద్ధాప్యంలో ప్రయాణాలు తగ్గించుకొని, పంపిన పటాలు, మట్టి నమూనాల ఆధారంగానే దూరప్రాంతపు తోటలను రూపొందించేది. మొక్కలు కూడా తన నర్సరీ నుండే పంపేది.

రచనలు

పత్రికలలో వెయ్యికి పైగా వ్యాసాలు వ్రాసింది. మొదటి పుస్తకం "వుడ్ అండ్ గార్డెన్" (1899)లోని ఛాయాచిత్రాలు కూడా ఈమె తీసినవే. 1908లో వెలువడిన "కలర్ ఇన్ ది ఫ్లవర్ గార్డెన్" అన్నిటికంటే ప్రసిద్ధమైనది.

మరణానంతరం

1932లో మన్‌స్టెడ్ వుడ్‌లోనే మరణించింది. బస్‌బ్రిడ్జ్ చర్చి ఆవరణలోని సమాధిని లుట్యెన్స్ రూపొందించాడు. తోటమాలుల కొరత వల్ల, స్థలాలు చేతులు మారడం వల్ల ఈమె తోటలలో అధికభాగం నశించాయి. అమెరికన్ ఉద్యాన శిల్పి బియాట్రిక్స్ ఫారండ్ కొని భద్రపరచిన నక్షాలు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చేరాయి. హాంప్‌షైర్ లోని అప్టన్ గ్రే తోటను 1984 నుండి ఆ నక్షాల నకళ్ళను అనుసరించి మొక్క మొక్కగా పునరుద్ధరించారు. మన్‌స్టెడ్ వుడ్‌ను 2023లో నేషనల్ ట్రస్ట్ సంస్థ కొనుగోలు చేసింది.