అనీబిసెంటమ్మగారి జీవితము – నాస్తికత్వమును మతమనవచ్చునా?

మదనపల్లెలో 1915వ సంవత్సరమున వెలసిన దివ్యజ్ఞాన కళాశాల పేరు మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలవారికి క్రొత్తది కాదు. దాని స్థాపకురాలగు అనీబిసెంటమ్మ భగవద్గీతను ఆంగ్లీకరించిన విదుషీమణియని పలువు రెఱుగుదురు. ఆమె పదునైదేండ్లు నాస్తికవాదినిగా నుండెనని యెఱిగినవారు తక్కువ. నాస్తికత్వమును మతమనవచ్చునా యను ప్రశ్న నేడు మన యిండ్లలోనే పుట్టుచున్నది. చదువుకొన్న బిడ్డ దేవుడు లేడన్నచో తల్లిదండ్రులు కలతనొందుదురు, బంధువులు వెలివేయజూతురు. కావున ఆ మహనీయురాలి చరిత్రము నిచట సంగ్రహముగా విన్నవింపదలచితిమి.

ఆమె 1847 అక్టోబరు 1వ తేదీన లండను నగరమున జన్మించెను. ఐదవయేటనే తండ్రి గతించెను. 1867లో ఫ్రాంకు బిసెంటను క్రైస్తవ మతాచార్యుని వివాహమాడి, ఇరువురు బిడ్డలను గనెను. 1871లో పసికూనయగు మేబెలు కోరింతదగ్గుతో ప్రాణాపాయస్థితిలో నుండగా, నిరపరాధియగు శిశువు నిట్లు బాధించు దయామయు డెవ్వడను సంశయ మామెకు గలిగెను. గ్రంథములు చదివెను, పండితుల నడిగెను, సంశయము తీఱలేదు. తాను నమ్మని ప్రసాదమును దేవాలయమున స్వీకరింపనని నిరాకరించి, 1873లో భర్తయిల్లు వీడెను.

1874లో ఛార్లెసు బ్రాడ్లా నాయకుడుగానున్న నాస్తికుల సంఘమున జేరి, ఉపన్యాసములచేతను రచనలచేతను ప్రఖ్యాతిగాంచెను. ఆ వాదమునకు వారు చెల్లించిన మూల్య మల్పము కాదు. 1880లో పార్లమెంటునకు ఎన్నికైన బ్రాడ్లా ప్రమాణవివాదముచే 1886 వఱకు తన స్థానమును నిశ్చింతగా నలంకరింపలేకపోయెను. బిసెంటమ్మకు దగిలిన దెబ్బ యింకను గట్టిది. సంతాననియమనమునుగూర్చిన పుస్తకమును ప్రచురించినందులకు 1877లో అభియోగమున కెరయయ్యెను. 1878లో న్యాయస్థానము, ఆ ప్రచురణమును ఆమె నాస్తికత్వమును కారణములుగా జూపి, మేబెలును తల్లియొద్దనుండి తొలగించెను. ఏ బిడ్డ వేదన యామెకు సంశయము గలిగించెనో, ఆ బిడ్డయే యామెకు దూరమయ్యెను. అయినను ఆమె తన మాటను వెనుకకు దీసికొనలేదు.

ఇచట నాస్తికశబ్దమును కొంత విమర్శింతము. పాణిని యొకే సూత్రమున ఆస్తిక, నాస్తిక శబ్దములను రెండింటిని సాధించెను. కలదను మతి గలవా డొకడు, లేదను మతి గలవాడు వేఱొకడు. మతి, మతము అనునవి తలచుట యను నర్థముగల యొకే ధాతువునుండి పుట్టినవి. మనువు నాస్తికుడనినది వేదనిందకుని. ఈశ్వరు నంగీకరింపని సాంఖ్యులును ఆస్తికదర్శనములవారిలోనే పరిగణింపబడిరి. పదునాలుగవ శతాబ్దమున మాధవాచార్యులు సర్వదర్శనసంగ్రహమును చార్వాకదర్శనముతోనే యారంభించిరి. ఖండించుటకు బూర్వము ప్రతిపక్షమును వినుట మన పెద్దల మర్యాద.

కావున మా యభిప్రాయ మిది. ఉపాసనము, ఆలయము, కర్మకాండము గలదే మతమన్నచో నాస్తికత్వము మతము కానేరదు. బాగుగ విచారించి కుదుర్చుకొని, నష్టము వచ్చినను విడువక, నడవడియందు జూపు నిశ్చయమే మతమన్నచో అదియు మతమే. పూజకు సోమరియై దేవుడు లేడనువానికి ఈ గౌరవము చెల్లదు. మన యాంధ్రదేశముననే గోపరాజు రామచంద్రరావుగారు (1902–1975) 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించి, అస్పృశ్యతానివారణమే వ్రతముగా బాటుపడిరి. దైవము లేని వ్రతమైనను వ్రతమే కదా!

బిసెంటమ్మ 1888లో లండను అగ్గిపుల్లల కర్మాగారమున బనిచేయు బాలికల పక్షమున బోరాడెను. 1889లో బ్లావట్స్కీ గ్రంథమును జదివి దివ్యజ్ఞానసమాజమున జేరెను. నిన్నటి మిత్రు లాశ్చర్యపడిరి. కాని తన కెఱుకపడిన సత్యమును దాచుట యామె స్వభావము కాదు. 1893లో భారతదేశమునకు వచ్చి, 1898లో కాశియందు హిందూ కళాశాలను స్థాపించి, 1907లో సమాజాధ్యక్షురాలై, 1917లో కాంగ్రెసు మహాసభ కధ్యక్షత వహించెను. వయస్సు వచ్చిన పిదప బిడ్డ లిరువురును తల్లిని జేరిరి.

ఆమె జీవితమున నొక విధివైపరీత్యమును గలదు. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువు కానున్నవాడని తలచి పెంచెను. తండ్రి నారాయణయ్యగారు కుమారులకై వ్యాజ్యము వేయగా, 1913లో మదరాసు హైకోర్టు తండ్రికిని, 1914లో ప్రీవీకౌన్సిలు ఆమెకును అనుకూలముగ దీర్పుచెప్పెను. అవిశ్వాసమువలన బిడ్డను గోలుపోయిన తల్లి, విశ్వాసమువలన నొక తండ్రికి వియోగకారణ మయ్యెను. విశ్వాసమైనను అవిశ్వాసమైనను ఇంటిని జీల్చునప్పు డొకటే. 1929లో కృష్ణమూర్తి తన కొఱకై యేర్పడిన సంఘమును రద్దుచేసి, సత్యమునకు మతసంస్థలు మార్గము కావని చాటెను. ఎనుబదియేండ్లు దాటిన యామె మనస్సు నొచ్చినను అతని విడనాడలేదు. 1933 సెప్టెంబరు 20వ తేదీన అడయారున బరమపదించెను.

సంఘీయులారా! ఆస్తికులమగు మేము నాస్తికత్వమును బోధింపలేదు. బిడ్డ నమ్మకపోయినచో నేల నమ్మలేదని యడుగుడు; ఉత్తరమును తుదివఱకు వినుడు; పిమ్మట మీ మాట చెప్పుడు. భోజనపు బంతినుండి మాత్రము లేపకుడు. విద్యాదాతలగు పోషకులు సాయము కోరివచ్చిన విద్యార్థిని చదువునుగూర్చియు శీలమునుగూర్చియు విచారింపుదురుగాక. దైవభక్తిని విద్యావేతనమునకు షరతుగా జేయకుందురుగాక. మతభేదమువలన మన యే తల్లియు బిడ్డకు దూరము కాకుండుగాక యని ప్రార్థించుచున్నాము.