వద్దన్న పనే పేరు తెచ్చింది

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎవరూ ముట్టుకోని పని తెచ్చి మీ మీద పడేస్తే ఏమనుకుంటారు? నేను చదివిందేంటి, చేస్తున్నదేంటి అనేగా! అయితే థామస్ బెవిక్ గురించి మీరు తెలుసుకోవాల్సిందే.

బెవిక్ 1753లో ఇంగ్లండ్ ఉత్తరాన నార్తంబర్లాండ్‌లో పుట్టాడు. తండ్రి కౌలు రైతు, చిన్న బొగ్గు గనీ నడిపేవాడు. బడిలో బెవిక్‌కి పాఠాలకన్నా పుస్తకాల అంచుల్లో వేసే బొమ్మలే ఇష్టం. 14వ ఏట న్యూకాసిల్‌లో రాల్ఫ్ బీల్బీ దగ్గర చెక్కడం పని నేర్చుకోవడానికి ఏడేళ్ల ఒప్పందం మీద చేరాడు. వెండి సామాన్లు, ముద్రలు, చివరికి కుక్కల మెడపట్టీల మీద కూడా అక్షరాలు చెక్కేవారక్కడ. చెక్క మీద బొమ్మలు చెక్కడమంటే యజమానికి గిట్టదు. ఆ పనులన్నీ కుర్రాడికే వచ్చేవి.

బెవిక్ దాన్నే పట్టుకున్నాడు. గట్టి కలపను అడ్డంగా కోసి, ఆ ముఖం మీద లోహానికి వాడే సన్నటి పనిముట్లతో చెక్కాడు. ఈక మీది గీత కూడా అచ్చులో తేలింది! 1777లో బీల్బీకే భాగస్వామి అయ్యాడు.

తర్వాత పక్షుల పుస్తకం మొదలుపెట్టాడు. 1791లో వైక్లిఫ్ వెళ్లి, ఒక సంపన్నుడు సేకరించిన చనిపోయిన పక్షుల్ని చూసి దాదాపు రెండు నెలలు గీశాడు. లోపల కూరి నిలబెట్టిన ఆ పక్షుల్లో జీవం లేదనిపించింది. ఇక బతికున్నవాటినో, అప్పుడే వేటాడినవాటినో చూసే గీయాలనుకున్నాడు. చలికాలంలో ఆర్కిటిక్ నుంచి బాతులు, హంసలు వలస వచ్చే ప్రాంతమది. మిత్రులు, వేటగాళ్లు దొరికిన పక్షుల్ని పంపేవారు. పగలు దుకాణం పని, సాయంత్రాలు పక్షుల బొమ్మలు.

మొదటి సంపుటం 1797లో వచ్చింది. అందులోని రాత ఎక్కువగా బీల్బీది. పుస్తకం మీద ఎవరి పేరుండాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది, భాగస్వామ్యం ముగిసింది. మరి నీటిపక్షుల సంపుటం ఎవరు రాయాలి? చదువు అంతంతమాత్రమే అయినా బెవిక్ తనే కలం పట్టాడు. ఒక మతగురువు సాయం చేశాడు. 1804లో పుస్తకం వచ్చింది. మామూలు జనం పక్షుల్ని గుర్తుపట్టడానికి వాడుకున్న తొలి పుస్తకాల్లో అదొకటి.

ఆయన 1828లో చనిపోయాడు. రెండేళ్ల తర్వాత, రష్యా ఆర్కిటిక్ నుంచి చలికాలంలో బ్రిటన్‌కి వచ్చే చిన్న హంసను శాస్త్రవేత్త విలియం యారెల్ వేరుగా గుర్తించి, దానికి బెవిక్ పేరే పెట్టాడు.

చెక్క పని, రాత పని... రెండూ బెవిక్ కోరి తెచ్చుకున్నవి కావు. మీకూ రేపు అలాంటిదేదో వస్తుంది. పక్కకు నెట్టేముందు ఒకసారి చేసి చూడండి.