ఏనుగుల దళపతి – నాట్యశాస్త్రకర్త జాయప సేనాని

మన హాస్టల్ వార్షికోత్సవం వచ్చిందంటే కోలాటం కర్రలు చేతపట్టని విద్యార్థి ఉండడు. ఆ కర్రల ఆటలాంటి దేశి నృత్యాలను సుమారు 770 సంవత్సరాల క్రితమే శాస్త్రగ్రంథంలో చేర్చిన మహనీయుడు జాయప సేనాని.

కృష్ణానది సముద్రంలో కలిసే చోట ఉన్న దివిసీమను పాలించిన అయ్య వంశంలో జాయప జన్మించాడు. తండ్రి పిన చోడి. కాకతీయ గణపతిదేవుడు (1199–1262) దివిసీమను జయించి, జాయప తోబుట్టువులైన నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. చిన్నవాడైన జాయపను తన కొలువులోకి తీసుకున్నాడు. ఓడిన ఇంటి పిల్లవాడు గెలిచిన రాజు నీడలో పెరగడం ఎంత కష్టమో, ఇల్లు విడిచి చదువుకుంటున్న మనం ఊహించుకోగలం. జాయప కుంగిపోలేదు. అటు యుద్ధవిద్య, ఇటు గుండామాత్యుని వద్ద నాట్యవిద్య శ్రద్ధగా అభ్యసించాడు. గజసాహిణి, అనగా ఏనుగుల దళానికి అధిపతి అయ్యాడు. చేబ్రోలులో తండ్రి పేరిట చోడేశ్వరాలయం కట్టించాడు.

1253–54లో ఆయన సంస్కృతంలో నృత్తరత్నావళి రచించాడు. ఇందులో 8 అధ్యాయాలు ఉన్నాయి. మొదటి నాలుగు భరతముని చెప్పిన మార్గ పద్ధతికి, చివరి నాలుగు ప్రజలలో ఉన్న దేశి పద్ధతికి సంబంధించినవి. నిలబడే తీరు, అడుగు వేసే తీరు, చేతి ముద్రలు, కనుల చూపులు అన్నీ వివరించాడు. పండితుల నాట్యంతో పాటు సామాన్యుల ఆటలకూ సమాన స్థానమిచ్చాడు. ఇదే ఆయన గొప్పతనం.

పేరణి నృత్యాన్ని కూడా ఆయన వర్ణించాడు. అందులో ఘర్ఘరం ముఖ్యమైనది. కాలి గజ్జెలను పాదఘాతంతో తాళానికి తగినట్లు పలికించడమే ఆ విద్య. స్పెయిన్ దేశపు ఫ్లమెంకోలో కూడా పాదాలే లయను పలుకుతాయి, చేతులు, ముఖం భావాన్ని చెబుతాయి. అయితే కాలు ఎంత నేర్చినా మనసులో భావం లేకపోతే నాట్యం పండదు.

1323లో కాకతీయ రాజ్యం కూలింది. పేరణి ఆదరణ లేక మరుగున పడింది. కానీ పుస్తకం మిగిలింది. 1965లో వి. రాఘవన్ దానిని పరిష్కరించి ప్రచురించారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తెలుగులోకి అనువదించారు. ఆ గ్రంథాన్నీ, పాలంపేట రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకొని నటరాజ రామకృష్ణ (1923–2011) పేరణికి తిరిగి ప్రాణం పోశారు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు లభించింది.

మిత్రులారా! డోర్నకల్ నుండి రైలెక్కి వరంగల్‌లో దిగి, ములుగు మీదుగా రామప్పకు వెళ్ళవచ్చు. ఈసారి విహారయాత్రలో ఆ నాట్యశిల్పాల ముందు ఒక్క నిమిషం ఆగండి. ఊరు విడిచి వచ్చిన ఒక పిల్లవాడు పట్టుదలతో నేర్చి రాసిపెట్టినది, రాజ్యం పోయినా పోలేదు. మనం నేర్చే పాటలు, ఆటలు కూడా ఒక నోటుబుక్కులో రాసి దాచుకుందాం. మన తరువాత వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అదే మన కానుక.