నూర్ ఇనాయత్ ఖాన్

నూర్ 1914లో మాస్కోలో పుట్టారు. టిప్పు సుల్తాన్ వంశం. తండ్రి వీణ విద్వాంసుడు, సూఫీ గురువు. ఆయన సూఫీ దీక్ష పుచ్చుకున్నది మన హైదరాబాద్‌లోనే. పారిస్ పక్కన పెరిగిన నూర్ జాతక కథలను పిల్లల కోసం రాశారు.

1940లో ఫ్రాన్స్ జర్మనీ వశం కావడంతో కుటుంబం ఇంగ్లండ్ చేరింది. 1943 జూన్‌లో బ్రిటన్ రహస్య విభాగం ఆమెను రేడియో ఆపరేటర్‌గా పారిస్ పంపింది. మనలో ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకు తెలుసు, ట్రాన్స్‌మిటర్ తానున్న చోటు తానే చెప్పేస్తుంది. జర్మన్ల వ్యాన్లు ఆ తరంగాల దిశ పట్టుకుని వచ్చేసేవి. అందుకని బరువైన పెట్టె మోసుకెళ్లి, ఏరియల్ కట్టి, నాలుగు ముక్కలు పంపి, మళ్లీ విప్పుకుని ఇంకో ఇంటికి. రోజుల్లోనే తోటివాళ్లు వరసగా దొరికిపోయారు. లండన్ వెనక్కి రమ్మన్నా ఆమె రాలేదు, తను వచ్చేస్తే అక్కడి కబురు చెప్పేవాళ్లు ఉండరని.

దాదాపు నాలుగు నెలలకు ఎవరో పట్టిచ్చారు. పంపిన సందేశాల నకళ్లు పుస్తకంలో దాచుకోవడం ఆమె పొరపాటే. వాటి సాయంతో జర్మన్లు ఆమె పేరున సందేశాలు పంపితే నమ్మిన తప్పు మాత్రం లండన్‌ది. రెండుసార్లు పారిపోబోయారు. తర్వాత జర్మనీలో నెలల తరబడి సంకెళ్లు. అయినా ఒక్క పేరూ చెప్పలేదు. 1944 సెప్టెంబరు 13న డకావ్ శిబిరంలో మరో ముగ్గురు మహిళలతో పాటు కాల్చి చంపారు. 1949లో బ్రిటన్ జార్జ్ క్రాస్ ప్రకటించింది.