కావలి వెంకట బొర్రయ్య

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో తన గ్రామపు పూర్వచరిత్రను వెదకువాడు మొదట జనాభా లెక్కల నాశ్రయించును. చెన్నపురి రాజధానిలో క్రమమైన జనాభా లెక్క 1871వ సంవత్సరము నాటిది. అంతకు పూర్వపు సంగతులు కావలెనన్న గ్రామ కైఫియత్తులను తిరుగవేయవలసినదే. వానికి మూలమైన కృషి నారంభించిన తెలుగువాడు కావలి వెంకట బొర్రయ్య.

ఈయన 1776లో జన్మించెను. ఏలూరివారు, నియోగులు. ఇరువది యేండ్ల ప్రాయమున కాలిన్ మెకంజీ దొర కొలువున చేరెను. మెకంజీ స్కాట్లండు దేశీయుడు. భూములు కొలిచి పటములు గీయు ఇంజనీరు. ఆయనకు ప్రాచీన శాసనములపై మక్కువ మెండు, దేశభాషలు మాత్రము రావు. ఆ లోటును బొర్రయ్య తీర్చెను. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట మైసూరు సర్వేలో పాల్గొని శాసనములకు నకళ్లు సేకరించెను. పాత కన్నడ లిపిని చదువు మార్గమును కనుగొనెను.

ఇది సులువైన పని కాదు. కుంపిణీ మనుష్యులు వచ్చి కవిలెలు చూపుమన్నచో శిస్తు పెంచుటకే యని గ్రామస్థులు జంకుట సహజము గదా! మంచిమాటలతో వారి భయము పోగొట్టిననే గాని కాగితము బయటపడదు. ఆ నేర్పు బొర్రయ్యకు కలదు. తరువాతివారికి అదియే ఒరవడి యయ్యెను.

1803లో, నిండు యౌవనమున, ఆయన మరణించెను. మన గుంటూరు సర్కారు కైఫియత్తులు సిద్ధమగుట ఆయన చూడలేదు. సోదరుడు లక్ష్మయ్య ఆ భారము వహించి, గుమాస్తాలను ఊరూర పంపెను. ఆ కైఫియత్తులలో దేవాలయ ప్రతిష్ఠలు, మాన్యములు, కరణముల మిరాసీలు, గజపతుల నుండి గోలకొండ వరకు మారిన దొరతనములు, కొండవీటి సీమను మూడు వంట్లుగా జమీందారులకు పంచినపుడు ఏ యూరు ఎవరి వంటులోనికి వచ్చెనో ఆ వివరము సయితము కనబడును.

మెకంజీ 1821లో గతించెను. ఆయన సంగ్రహమును కుంపిణీ లక్ష రూపాయలకు కొనెను. మిగిలిన పనిని తాను సాగింతునని లక్ష్మయ్య 1830 తరువాత కోరగా, దేశీయునకు అంతటి విమర్శనాశక్తి యుండదని కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పెద్దలు త్రోసిపుచ్చిరి. ఏండ్ల తరబడి ఆ పనియే చేసినవాని యెడల ఇది అన్యాయమే.

శిథిలమగుచున్న తెలుగు కైఫియత్తులకు పిమ్మట బ్రౌను దొర చెన్నపురిలో శుద్ధప్రతులు వ్రాయించెను. అవి అక్కడి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. గుంటూరు జిల్లా గ్రామముల కైఫియత్తులు అనంతర కాలమున అచ్చుపడినవి.